చిట్టికి వచ్చే నెలలోనే, బ్రూనోకి ఏడాది దాటాక

ప్రశ్న: మాది కాకినాడ. ఇంట్లో రెండు కుక్కపిల్లలున్నాయి. బ్రూనో ల్యాబ్రడార్, మగది, నాలుగు నెలలు, కొనుక్కొచ్చాం. చిట్టి నాటుపిల్ల, ఆడది. వానకు తడుస్తూ గేటు కింద నుంచి దూరి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. డాక్టరుగారు పళ్లు చూసి నాలుగున్నర, ఐదు నెలలుండొచ్చన్నారు. టీకాలకు తీసుకెళ్తే ఆయనే, ‘ఆరో నెల రాగానే రెండింటికీ ఒకేరోజు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేద్దాం, మీకు ఖర్చూ కలిసొస్తుంది’ అన్నారు. బ్రూనోని అమ్మినాయన ఏడాదిన్నర దాకా దాని జోలికి పోవద్దంటున్నాడు. మగకుక్కకి అసలెందుకని మావారు. ఒక్క ఈతైనా కాకుండా ఆడదానికి గర్భసంచి తీయిస్తే పాపమని మా అత్తగారు. నెట్‌లో చూస్తే ఒకచోట రెండు నెలలకే చేయించమని ఉంది, ఇంకోచోట రెండేళ్లు ఆగమని ఉంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ ఇంట్లో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదమ్మా. కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో కుక్కను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. డాక్టరుగారి ఆరు నెలల మాట చిట్టికి చక్కగా సరిపోతుంది, బ్రూనోకి తొందరవుతుంది. అమ్మినాయన ఏడాదిన్నర మాట బ్రూనోకి దాదాపు సరిపోతుంది, చిట్టి విషయంలో అలా ఆగితే ఆలోపు ఇంట్లో పిల్లలు పుట్టేస్తాయి. అందుకని రెండింటికీ ఒకే తేదీ పెట్టుకునే ఆలోచన ముందు వదిలేయండి. నా సలహా అడిగితే చిట్టికి వచ్చే నెలలో, ఎదకు రాకముందే చేయించేయండి. బ్రూనోకి ఏడాది నిండాక, పదిహేను నెలల లోపు చేయించండి. ఎందుకలా అంటున్నానో ఒక్కోదాని గురించి విడిగా చెబుతాను.

ముందు చిట్టి. ఇంటికెళ్లాక దాని పెదవి మెల్లగా పైకెత్తి కోరపళ్లు చూడండి. సూదిమొనల్లా సన్నగా ఉంటే అవింకా పాలపళ్లే. వాటి పక్కనే లావుపాటి కొత్త కోర చిగురు చీల్చుకుని వస్తుంటే, లేదా పాలకోర ఊడిపోయి సందు కనిపిస్తుంటే, పిల్లకు ఐదు దాటి ఆరో నెల నడుస్తున్నట్టు లెక్క. ముందుపళ్లు మూడు నుంచి ఐదు నెలల మధ్య మారతాయి, కోరలు ఆ తర్వాత. వీధిలో దొరికిన పిల్లకు పుట్టినరోజు ఎవరికీ తెలియదు కాబట్టి పళ్లే జాతకం. ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ఆడకుక్క మొదటిసారి ఎదకు వచ్చేది ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య. చిన్న, మధ్యరకం కుక్కలు ఇందులో ముందే ఉంటాయి. చిట్టి వయసు లెక్కలో నెల తేడా ఉన్నా మీ చేతిలో ఉన్న వ్యవధి అంతా అందులోనే కరిగిపోతుంది.

ఇంకో మాట, బ్రూనో ఎప్పటికీ పసిపిల్లే అనుకోకండి. మగపిల్లలు ఆరేడు నెలలకే ఆడదాని మీద ఆసక్తి చూపించడం మొదలెడతాయి, తొమ్మిది నెలలు వచ్చేసరికి చాలావాటికి పిల్లల్ని పుట్టించే శక్తి కూడా వచ్చేస్తుంది. చిట్టి ఎనిమిదో నెలలో ఎదకు వచ్చిందంటే ఇంట్లో బ్రూనో, గేటు బయట వీధిలో ఉన్న మగకుక్కలన్నీ. రెంటినీ చెరో గదిలో పెట్టి మూడు వారాలు కాపలా కాస్తామంటారు చాలామంది. మూడో రోజుకే పనిమనిషి తలుపు తీస్తుంది, లేదా పిల్లలు తీస్తారు. ఒకసారి కలిశాక అతుక్కుపోయిన జంటను చూసి జనం నీళ్లు పోయడం, కర్రతో కొట్టి విడదీయడం చేస్తుంటారు. అది రెండింటికీ గాయం చేస్తుంది, పైగా అప్పటికి జరగాల్సింది జరిగిపోయే ఉంటుంది. అక్కడి నుంచి అరవై మూడు రోజులు, కాస్త అటూఇటుగా.

ఎద గురించి చాలా ఇళ్లలో ఉన్న పొరపాటు అభిప్రాయం ఒకటి సరిచేయాలి. రక్తం కనబడే రోజులే ప్రమాదమని, రక్తం ఆగగానే గండం గడిచిందని అనుకుంటారు. జరిగేది దీనికి తిరగేసి. మొదటి తొమ్మిది రోజులు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ, రక్తం చుక్కలు పడుతుంటాయి. మగకుక్కలు చుట్టూ తిరుగుతాయి గానీ ఇది దగ్గరకు రానివ్వదు. రక్తం పలచబడి గడ్డిరంగు నీరులా మారిన తర్వాత వచ్చే వారం, పది రోజులే అసలైనవి. అప్పుడు తోక పక్కకు పెట్టి తనే నిలబడుతుంది. హమ్మయ్య అయిపోయిందనుకుని గొలుసు విప్పేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

చిట్టికి ఆపరేషన్ తొందరగా చేయించమనడానికి ఇంకో పెద్ద కారణం రొమ్ము గడ్డలు. 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఈనాటికీ పశువైద్యులందరి నోటా వినిపిస్తుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు రొమ్ము గడ్డల ముప్పు వంద అనుకుంటే, మొదటి ఎదకు ముందే చేయించినదానికి అర మాత్రమే, అంటే 0.5. ఒక ఎద అయ్యాక చేయిస్తే 8. రెండు, అంతకంటే ఎక్కువ అయ్యాక చేయిస్తే 26. ఈ అంకెలు పుట్టింది చాలా చిన్న లెక్కలోంచి. 2012లో బ్రిటన్‌లో కొందరు పశువైద్య పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి ఆధారం బలహీనంగా ఉందని తేల్చారు. కాబట్టి 0.5ని శిలాశాసనంలా పట్టుకోమని చెప్పను. కానీ ఎనిమిది, పదేళ్ల వయసులో పొదుగు పొడవునా గడ్డలతో బల్ల మీదకొచ్చే కుక్కల్లో అత్యధికం ఆపరేషన్ చేయించనివీ, బాగా ఆలస్యంగా చేయించినవీనే. ఆ గడ్డల్లో సుమారు సగం క్యాన్సరువి.

మీ అత్తగారికి చెప్పాల్సింది గర్భసంచికి చీము పట్టడం గురించి. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎద అయిపోయిన నెల, రెండు నెలలకు వస్తుంది. మొదట కుక్క మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది, అన్నం వదిలేస్తుంది, మూల చూసుకుని పడుకుంటుంది. కొన్నింటికి వెనక నుంచి చీము కారుతుంది కాబట్టి తెలుస్తుంది. కొన్నింటికి గర్భసంచి నోరు మూసుకుపోయి చుక్క కూడా బయటికి రాదు, కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి. అప్పుడు రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాలి. ఒంట్లో విషం పాకిన కుక్కకు మత్తు ఇచ్చి చేసే ఆ ఆపరేషన్‌కీ, ఆరోగ్యంగా గెంతులేస్తున్న పిల్లకు చేసేదానికీ పొంతనే లేదు. స్వీడన్‌లో కుక్కల బీమా రికార్డులు చూస్తే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒకటి పదేళ్లు వచ్చేలోపు ఈ జబ్బు పడ్డట్టు తేలింది. అక్కడ ఆడకుక్కలకు ఊరికే ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, అందుకే ఆ లెక్క అంత స్పష్టంగా దొరికింది.

ఒక్క ఈత అయితే ఆరోగ్యానికి మంచిదన్న మాటకు వైద్యంలో ఆధారం లేదు. పైన చెప్పిన లెక్కల ప్రకారం చూస్తే ప్రతి ఎదతో ముప్పు పెరుగుతుంది. పెద్దావిడతో వాదన పెట్టుకోవద్దు. నాటుకుక్క ఒక ఈతలో ఐదారు పిల్లల్ని పెడుతుంది, అందులో ఆడపిల్లల్ని ఎవరూ తీసుకోరు, ఆ సంగతి మీకంటే ఆవిడకే బాగా తెలిసుంటుంది. చిట్టి మీ గేటు కింద దూరి రావడానికి కారణం కూడా అలాంటి ఈతే కదా. పాపం ఎటువైపుందో ఆవిడే తేల్చుకుంటారు.

ఇక చిట్టికి తొందరగా చేయించడం వల్ల వచ్చే నష్టాల సంగతి. ఒకటి, ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నింటికి పెద్దయ్యాక నిద్రలో మూత్రం కారే ఇబ్బంది వస్తుంది. ఇది ఎక్కువగా భారీ జాతుల్లో, మరీ మూడు నెలల లోపే చేసినవాటిలో కనిపిస్తుంది, మందులతో అదుపులో ఉంటుంది. రెండు, కీళ్లు. అమెరికాలోని డేవిస్ పశువైద్య కళాశాలవాళ్లు 2020లో జాతి కలగలిసిన కుక్కల్ని బరువును బట్టి విడదీసి చూశారు. పెద్దయ్యాక ఇరవై కిలోల లోపు ఉండే వాటిలో ఆపరేషన్ ఎప్పుడు చేసినా కీళ్ల జబ్బులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఇరవై దాటేవాటిలో ఏడాదిలోపు చేస్తే పెరిగాయి. మన నాటు ఆడకుక్కలు మామూలుగా పన్నెండు నుంచి పద్దెనిమిది కిలోల దగ్గర ఆగుతాయి. చిట్టి ఇప్పుడు ఏడెనిమిది కిలోలుంటే ఆ లెక్కలోకే వస్తుంది. క్లినిక్‌కి వెళ్లినప్పుడు కాటా మీద నిలబెట్టి బరువు రాయించుకోండి.

ఒకవేళ మీరు తేదీ అనుకునేలోపే చిట్టి ఎదకు వచ్చేస్తే కంగారుపడి వెంటనే ఆపరేషన్‌కి పరిగెత్తకండి. ఆ రోజుల్లో గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ. అయిపోయిన వెంటనే చేసినా బాగుండదు. ఆ తర్వాతి ఆరు, ఎనిమిది వారాల్లో చాలా ఆడకుక్కలకు ఉత్తుత్తి గర్భం వస్తుంది, పాలు పడతాయి, చెప్పునో బొమ్మనో పిల్లగా పెట్టుకుని కూర్చుంటాయి. ఆ సమయంలో ఆపరేషన్ చేస్తే ఆ స్థితి అలాగే సాగిపోవచ్చు. ఎద ముగిశాక రెండున్నర, మూడు నెలలు ఆగి చేయించండి. ఎదలో ఉన్న ఆ మూడు వారాలు మాత్రం బ్రూనోని బంధువుల ఇంటికి పంపేయడమే మేలు. గది తలుపుల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు బ్రూనో దగ్గరకొద్దాం. పల్లెల్లో ఎడ్లతో సేద్యం చేసినవాళ్లు కోడెదూడకు విత్తులు కొట్టించడానికి తొందరపడేవాళ్లు కాదు. మెడ, మూపురం నిండి, కాడికి తగ్గ ఒళ్లు వచ్చాకే ఆ పని. వృషణాల నుంచి వచ్చే హార్మోను ఒంటిని తయారుచేస్తుందని వాళ్లకు కళ్లతో చూసి తెలుసు. ల్యాబ్రడార్ లాంటి పెద్దజాతి కుక్కలోనూ అదే సూత్రం. ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తటి పొర ఉంటుంది. వయసుకొచ్చే హార్మోన్లు దానికి ‘ఇక చాలు’ అని చెప్పి మూయిస్తాయి. ముందే వృషణాలు తీసేస్తే ఆ మాట చెప్పేవాళ్లుండరు. ఎముక ఇంకొన్నాళ్లు పెరుగుతుంది, కాళ్లు కాస్త పొడుగవుతాయి, కీళ్ల దగ్గర కోణం మారుతుంది. తుంటి కీలు సరిగా కుదరకపోవడం, మోచేతి కీలు చెడటం, మోకాలి లిగమెంట్ తెగడం లాంటివి పెరగడానికి పరిశోధకులు చెప్పే కారణమిదే.

డేవిస్‌వాళ్లే 2014లో ల్యాబ్రడార్లనీ గోల్డెన్ రిట్రీవర్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆపరేషన్ చేయించని ల్యాబ్రడార్లలో కీళ్ల జబ్బులు సుమారు ఐదు శాతం. ఆరు నెలల లోపు చేయించిన వాటిలో అది దాదాపు రెట్టింపు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే గోల్డెన్‌లలో మాత్రం నాలుగైదు రెట్లు పెరిగింది. 2020లో ముప్ఫై అయిదు జాతుల మీద వాళ్లే ఇచ్చిన సూచనల్లో మగ ల్యాబ్‌కి ఆరు నెలలు దాటాక, ఆడ ల్యాబ్‌కి ఏడాది దాటాక, మగ గోల్డెన్‌కి ఏడాది దాటాక, జర్మన్ షెపర్డ్‌లో ఆడామగా రెండింటికీ రెండేళ్లు దాటాక అని ఉంది. పొమరేనియన్, షీట్జు లాంటి చిన్నవాటిలో కీళ్ల తేడా పెద్దగా కనిపించలేదు. మీరు నెట్‌లో చూసిన ‘రెండేళ్లు’ ఏ షెపర్డ్ యజమానికో రాసినది అయ్యుంటుంది. ‘రెండు నెలలు’ అన్నది అమెరికాలో షెల్టర్ల పద్ధతి. పిల్లను దత్తత ఇచ్చాక కొత్త యజమాని మళ్లీ తీసుకురాడేమోనని అక్కడ ముందే చేసి పంపేస్తారు. షెల్టరుకు అది సరైనదే, మీ ఇంటికి దానితో పనిలేదు.

మగ ల్యాబ్‌కి ఆరు నెలలు దాటితే చాలని ఉంటే నేను ఏడాది ఎందుకంటున్నానని అడగొచ్చు. ఆ రికార్డులన్నీ ఒకే ఆసుపత్రివి, అక్కడి కుక్కలవి. మన దగ్గర అమ్మే ల్యాబ్రడార్లలో తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే తీయించి పిల్లల్ని పెట్టించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. బ్రూనో తుంటి ఎలాంటిదో మీకు గానీ అమ్మినాయనకు గానీ తెలిసే వీల్లేదు. పెద్దజాతి మగకుక్కలకు ఎదుగుదల ఆగాక, అంటే తొమ్మిది నుంచి పదిహేను నెలల మధ్య చేయించమని అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం 2019 మార్గదర్శకాల్లోనూ ఉంది. అందులో చివరి సగం తీసుకుంటే మనం పోగొట్టుకునేదేమీ లేదు, చిట్టికి ముందే అయిపోతుంది కాబట్టి ఇంట్లో తొందరపెట్టేవాళ్లూ ఉండరు.

నిజం చెప్పాలంటే బ్రూనో కీళ్లకు ఆపరేషన్ తేదీ కంటే మీ ఇంటి నేల, మీ వంటగది పెద్ద ప్రమాదాలు. నున్నటి టైల్స్ మీద బంతి విసిరి ల్యాబ్ పిల్లను పరిగెత్తించే ఇళ్లు ఎన్నో. అది మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారతాయి. ఆడించేది మట్టిలోనో డాబా మీదో పెట్టుకోండి, ఇంట్లో అది తిరిగే దారిలో పాత గోనెసంచులో రబ్బరు మ్యాట్లో పరవండి. ఇక తిండి. అమెరికాలో ఓ కుక్కల ఆహార కంపెనీ నలభై ఎనిమిది ల్యాబ్రడార్లను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం చూసింది. 2002లో వచ్చిన ఫలితాల్లో తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి తుంటి కీళ్ల అరుగుదల కూడా తక్కువ, ఆలస్యం. ల్యాబ్ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే చూస్తుంది. ఆ చూపుకు కరిగి అత్తగారు పెరుగన్నం, మీవారు బిస్కెట్లు, పిల్లలు పూరీ ముక్కలు పెడుతుంటే ఏ వయసులో ఆపరేషన్ చేయించినా ప్రయోజనం ఉండదు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే తగలాలి. బ్రూనో బరువుకు అదే కొలత.

మీ వారి ప్రశ్న న్యాయమైనది. మగకుక్కకు వైద్యపరంగా ఈ ఆపరేషన్ ఆడదానికి ఉన్నంత అవసరమేమీ కాదు. నార్వేలో సరైన కారణం లేకుండా జంతువుకు ఇలాంటి శస్త్రచికిత్స చేయకూడదని చట్టమే ఉంది, అక్కడ చాలా మగకుక్కలు ఆపరేషన్ లేకుండానే బతుకుతాయి. చేయిస్తే లాభాలున్నాయి. వృషణాల్లో గడ్డలు రావు, వయసు మళ్లాక ప్రోస్టేట్ ఉబ్బి విరేచనానికి ముక్కే బాధ తప్పుతుంది, మలద్వారం చుట్టూ వచ్చే గడ్డలు తగ్గుతాయి. ప్రోస్టేట్ క్యాన్సరును మాత్రం ఇది ఆపదు. అయితే నార్వేలో గేటు బయట ఎదకు వచ్చిన వీధికుక్క ఉండదు. మన ఊళ్లలో ఉంటుంది. బయటికి జారుకున్న మగకుక్క బండి కిందైనా పడుతుంది, కాట్లైనా తింటుంది, లేదంటే అంటుగడ్డలు తెచ్చుకుంటుంది. వీధికుక్కల్లో కలయిక ద్వారా, నాకడం ద్వారా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకే క్యాన్సరు గడ్డలవి. అంగం మీద ఎర్రగా బొడిపెలు లేచి రక్తం కారుతుంది. వారం వారం విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు తగ్గిపోతాయి గానీ, ఆ వారాలు కుక్కకూ మీకూ నరకమే. మీ గేటు ఎప్పుడూ వేసి ఉండి, బ్రూనో తాడు లేకుండా గడప దాటకపోతే మీ వారి మాట నెగ్గినా నాకు అభ్యంతరం లేదు. ముందు మీ గేటు సంగతి మీరే చెప్పుకోండి. చిట్టి దాని కిందనుంచే లోపలికి వచ్చిందని రాశారు.

కొందరు మగకుక్క నెమ్మదిస్తుందని ఈ ఆపరేషన్ చేయిస్తారు. అయిదో నెలలో దిండు ఎక్కి ఊగడం, చెప్పులు నమలడం, వచ్చినవాళ్ల మీద గెంతడం హార్మోను పనులు కావు, పసితనం. అవి నేర్పితే పోతాయి, కోస్తే పోవు. ఆడదాని వాసనకు ఇల్లు వదిలి పోవడం, కనబడ్డ స్తంభానికల్లా కాలెత్తడం బాగానే తగ్గుతాయి. దీపావళి టపాసులకు మంచం కింద దూరే, కొత్తవాళ్లను చూసి భయంతో మొరిగే పిల్లకైతే తొందరగా చేయిస్తే ఆ భయం పెరగొచ్చు కూడా. అలాంటిదైతే ఇంకా ఆగమంటాను. ఇక ఆపరేషన్ చేయిస్తే కాపలా కాయదన్నది ఉత్తమాట. ఇల్లు తనదని కుక్కకు తెలిసేది వృషణాల వల్ల కాదు.

బ్రూనో విషయంలో ఇప్పుడే చూడాల్సిన పనొకటుంది. అది వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినప్పుడు తొడల మధ్య సంచిలో రెండు వృషణాలూ చేతికి తగులుతున్నాయో లేదో తడిమి చూడండి. రెండు నెలల వయసుకే మామూలుగా దిగిపోతాయి. ఒక్కటే తగిలితే గాబరా అక్కర్లేదు, ఆరు నెలల దాకా చూడొచ్చు. అప్పటికీ దిగకపోతే అది పొట్టలోనో గజ్జల్లోనో ఆగిపోయినట్టు. ఒంటి వేడికి ఆ వృషణం పెద్దయ్యాక గడ్డకట్టే ప్రమాదం చాలా ఎక్కువ. అప్పుడు మీవారి ‘అసలెందుకు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే, ఆపరేషన్ తప్పదు, రెండూ తీయాలి. ఈ లోపం వంశపారంపర్యం కాబట్టి అమ్మినాయన రేపు క్రాసింగ్‌కి ఇవ్వమని అడిగినా ఇవ్వకూడదు. ఏడాదిన్నర ఆగమనడంలో ఆయన లెక్కలో అదీ ఉండొచ్చు సుమా.

బ్రూనోకి ముందు చేయిస్తే చిట్టికి ఆగొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆపరేషన్ అయ్యాక కూడా మగకుక్క ఒంట్లో మిగిలిన వీర్యంతో నెల, నెలన్నర దాకా గర్భం రావచ్చు. పైగా గేటు బయటివాళ్ల సంగతి దాంతో తేలదు.

డాక్టరుగారితో మాట్లాడటానికి మొహమాటపడకండి. ‘చిట్టికి ఇప్పుడు, బ్రూనోకి ఏడాది దాటాక చేద్దామండీ’ అంటే కాదనేవాళ్లు తక్కువ. రెండింటికీ ఒకేరోజు చేయడం మీకు కూడా సుఖం కాదు. ఒకదాని కుట్లు ఇంకోటి నాకుతుంది, మూడో రోజుకే రెండూ కుస్తీ మొదలెడతాయి.

ఆపరేషన్‌కి ముందు తప్పనిసరిగా చేయించమని నేను పట్టుబట్టేది రక్తపరీక్ష, అందులోనూ ప్లేట్‌లెట్ల లెక్క. మన వైపు వీధిలో పుట్టిన పిల్లకు గోమార్లు పట్టకుండా ఉండటం అరుదు. ఆ గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కొన్నిసార్లు పైకి ఏమీ కనిపించకుండా లోపల ప్లేట్‌లెట్లను తినేస్తుంది. కుక్క హుషారుగానే ఉంటుంది, కత్తి పెట్టాక రక్తం ఆగదు. చిట్టి చిగుళ్లు పాలిపోయినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలున్నా, ముక్కునుంచి రక్తం వచ్చినా ముందే చెప్పండి. టిక్ ఫీవర్ తేలితే నాలుగు వారాల డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తిచేసి, ప్లేట్‌లెట్లు పెరిగాయని మళ్లీ చూసుకుని, అప్పుడే బల్ల ఎక్కించాలి. ఆ ఆలస్యంలో ఎద వస్తే రానివ్వండి. మొదటి ఎదకు ముందు చేయించాలన్న పట్టుదల కంటే ఇది ముఖ్యం. టీకాల కోర్సు పూర్తయి రెండు వారాలు గడిచి ఉండాలి. నులిపురుగుల మందు పడి ఉండాలి.

ముందురోజు రాత్రి భోజనం తర్వాత మళ్లీ ఏమీ పెట్టకూడదు. ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉంచాలో పిల్ల వయసును బట్టి డాక్టరుగారే చెబుతారు, చిన్నపిల్లల్ని మరీ ఎక్కువసేపు పస్తుంచకూడదు. సెలైన్ లైను పెడతారా, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారా, మత్తు పూర్తిగా దిగేదాకా అక్కడే ఉంచుతారా అని అడగండి. మంచి డాక్టరుకు ఈ ప్రశ్నలు చిరాకు తెప్పించవు.

ఇంటికొచ్చాక పది, పన్నెండు రోజులు స్నానం లేదు, మెట్లెక్కడం లేదు, బ్రూనోతో ఆట లేదు. మెడకు ప్లాస్టిక్ కోన్ మొదటి రోజు చూస్తే జాలేస్తుంది, విప్పేయాలనిపిస్తుంది. విప్పిన అరగంటలో కుట్లు ఊడదీసుకుంటుంది. గాయానికి పసుపు, కొబ్బరినూనె, బూడిద ఏవీ రాయకండి. ఈగలు వాలకుండా చూసుకోవడం మన దగ్గర చాలా అవసరం, వాలితే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. రోజుకు రెండుసార్లు వెలుతురులో కుట్లు చూడండి. కొంచెం వాపు మామూలే, తడిగా ఉన్నా వాసన వచ్చినా వెంటనే తీసుకెళ్లండి. మూలుగుతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముక్క చేసి వేయొద్దు. మన మాత్రలు కుక్కల కాలేయాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి. కోలుకున్నాక తిండి నాలుగో వంతు తగ్గించండి. ఆపరేషన్ వల్ల కుక్క లావెక్కుతుందంటారు గానీ, దాని అవసరం తగ్గినా మనం గిన్నె తగ్గించకపోవడం వల్ల ఎక్కుతుంది.

చిట్టి నాటుకుక్క కాబట్టి ఒక చిన్న మాట. మత్తులో ఉండగానే చెవి కొస కొద్దిగా కత్తిరించమని డాక్టరుగారిని అడగొచ్చు. మునిసిపాలిటీవాళ్లు ఆపరేషన్ అయిన వీధికుక్కలకు పెట్టే గుర్తు అదే. ఎప్పుడైనా పట్టీ ఊడి వీధిలో దొరికితే దీనికి అయిపోయిందని వాళ్లకు తెలుస్తుంది, మళ్లీ పొట్ట కోయరు. 2023 నాటి జంతువుల సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది, పెంపుడు కుక్కల టీకాలు, ఆపరేషన్ బాధ్యత యజమానిది. ఖర్చు భారమనిపిస్తే మీ ఊరి ప్రభుత్వ పశువైద్యశాలలో ముందు కనుక్కోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, జంతు సంరక్షణ సంస్థల్లో విశాఖలో వీఎస్‌పీసీఏ, హైదరాబాద్‌వాళ్లకైతే బ్లూక్రాస్ ఉన్నాయి. ఫోన్ చేసి తేదీ తీసుకునే వెళ్లండి.

ఈ వారంలో చిట్టి కోరపళ్లు, బరువు చూసి, రక్తపరీక్ష చేయించి రిపోర్టు వచ్చాక ప్లేట్‌లెట్ల అంకె రాసి పంపండి. బ్రూనో వృషణాలు రెండూ దిగాయో లేదో కూడా అందులోనే రాయండి.